ర్యామ్ గిడ్డంగిలో నిలువ తనిఖీ

ముప్పదినాలుగు సంవత్సరముల పాటు ఒక గిడ్డంగిలో కూర్చుండి, గుప్పెడు మేకులు మొదలుకొని తారు పీపాల వఱకు వచ్చిన సరకును వచ్చినట్లు, పోయిన సరకును పోయినట్లు చిట్టాలకెక్కించి, సాయంకాలమునకు నిలువ సరిపోలనిదే అన్నము సహింపని వ్యాధిని సంపాదించుకొని, ఉద్యోగవిరమణానంతరము పింఛనుతోపాటు ఆ వ్యాధిని కూడ ఇంటికి తెచ్చుకొనిన నావంటి వానికి ఒక కంప్యూటరును బహూకరించుట క్షేమకరము కాదని మా మేనల్లునికి ముందుగా తోచకపోవుట నా దురదృష్టమో, వాని దురదృష్టమో ఇప్పటికిని తేలలేదు.

మాది సోంపేట ప్రాంతము. మా తండ్రిగారు యౌవనమున ఓడ యెక్కి అండమాను దీవులకు వచ్చి పోర్ట్ బ్లెయిరులోని జంగ్లీఘాటులో కాపురము పెట్టిరి. నీటిలో వలయు, గట్టున తెలుగు మాటయు ఉన్నంతకాలము మనకిచ్చట పరదేశము లేదని వారు చెప్పుచుండెడివారు. వారి కాలమున ఉత్తరము ఓడమీద వచ్చినట్లే, నా కాలమున అంతర్జాలము ఉపగ్రహము మీదుగా బొట్టుబొట్టుగా దిగెడిది. చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భమున పఱచిన కేబులు 2020 ఆగస్టు 10వ తేదీన ప్రారంభమగువఱకు, వార్తాపత్రిక పుట నొకదానిని తెఱువుమని యంత్రమునకు చెప్పి, స్నానము చేసి, ఉతికిన బట్టలారవేసి వచ్చి చూచినను శీర్షిక మాత్రమే దర్శనమిచ్చెడిది. అంత ప్రయాసకోర్చి రప్పించుకొనిన పుటను ఒక్క నొక్కుతో మూసివేయుటకు ఏ కఠినాత్మునికి చేతులు వచ్చును? కేబులు వచ్చిన పిదప పుటలు రెప్పపాటులో వచ్చుచున్నవి గాని, మూయలేని నా దౌర్బల్యము మాత్రము నన్ను విడువలేదు. కావున నా బ్రౌజరులో ఎల్లప్పుడును ముప్పదియైదు ట్యాబులకు తక్కువ యుండవు. గడచిన సంవత్సరపు ఓడల వేళాపట్టిక, ఎన్నడో వండి తినిన గుత్తివంకాయకూర విధానము, పంచాంగములు నాలుగు, మోకాళ్ళనొప్పికి పరస్పర విరుద్ధములైన చికిత్సలు ఆఱు అందు చిరంజీవులై వర్ధిల్లుచుండును.

ఒకనాడు పత్రికా సంపాదకునికి జాబు వ్రాయుచుండగా, నేను కొట్టిన అక్షరము తెరమీదికి ఎక్కుటకు జంగ్లీఘాటు నుండి అబర్డీన్ బజారునకు నడచి పోయినంత సేపు పట్టసాగెను. ఎవరో చెప్పగా విని, టాస్క్ మేనేజర్ అను దానిని తెఱచితిని. అందు మెమరీ మొత్తము 4 జీబీ యనియు, వాడుకలో నున్నది 3.4 జీబీ యనియు లిఖింపబడియుండెను. నేను వ్రాసినది ముప్పాతిక పుట! ఇంత సరకు ఎవని ఇండెంటు మీద పోయినట్లు? దాని సమీపమునందే ‘క్యాష్డ్’ అను పద్దొకటి కనబడగా నా గుండె ఝల్లుమనెను. సరకు మాయమగు గిడ్డంగిలో నగదు కూడ చేతులు మారుచుండుట నా సర్వీసులో ఎఱుగనిది కాదు.

దొంగలను పట్టుటయందు నాకు కొంత అనుభవము కలదు. ఊరుపేరు లేని నామములతో బారులు తీరి కూర్చున్న ఆ ఉద్యోగులను వరుసగా ‘ఎండ్ టాస్క్’ అను శ్రీముఖము చేత పనినుండి తొలగింపసాగితిని. నాలుగవ వానిని తొలగించుసరికి తెరమీది బొమ్మలు, అడుగుపట్టీ, సర్వము అంతర్ధానమై, మా పెద్దలు కాలాపానీ యని దేనిని వర్ణించెడివారో అది నా బల్లమీద ప్రత్యక్షమయ్యెను.

డెలానిపూరు నుండి మేనల్లుడు పరుగున వచ్చెను.

“ఏటి మావయ్యా, ఏం నొక్కీసినావు?”

“దొంగల్ని తీసేశానురా.”

“దొంగలు కాదు మావయ్యా, ఇంటి దూలాలు పీకీసినావు!”

వాడు మరల దూలములెత్తి, నా ప్రక్కన కూర్చుండి ప్రవచన మారంభించెను. ఫైళ్ళన్నియు శాశ్వతముగా నుండునది హార్డ్ డిస్కు. పని జరుగునప్పుడు కావలసినవానిని తెచ్చి పెట్టుకొనునది ర్యామ్. గిడ్డంగి యొకటి యుండగా మఱియొక గిడ్డంగి యేల యని నేనడిగితిని. వాడు కాగితము తీసెను. ర్యామ్ నుండి ఒక మాటను అందుకొనుటకు యంత్రమునకు ఇంచుమించు సెకనులో కోటవ వంతు పట్టునట. మా యింటి యంత్రములోని వంటి తిరుగుడు హార్డ్ డిస్కు నుండి వెదకి తెచ్చుటకు సెకనులో నూఱవ వంతు. భేదము లక్ష రెట్లు. “వంటింటి అలమారలోంచి అత్తయ్య ఉప్పు డబ్బా అందుకోడానికి రెండు సెకన్లు అనుకో. దాన్ని లక్షతో హెచ్చవెయ్యి” అనెను. హెచ్చవేయగా రెండు లక్షల సెకనులు వచ్చెను; గంటలలోనికి మార్పగా 55న్నర. విశాఖపట్నము నుండి ఈ దీవులకు ఓడ ప్రయాణము సుమారు 56 గంటలని ఎఱిగిన వాడను గనుక, ఎవ్వరును ఎన్ని గ్రంథములు చదివించినను ఎక్కని విషయము నా బుఱ్ఱకు తటాలున ఎక్కెను. కూరలో ఉప్పు చాలనప్పుడెల్ల విశాఖ నుండి ఓడమీద తెప్పించు ఇంట భోజనము చేయువాడు ఎంతటి సహనశీలి కావలయును!

అంతట వాడు నా వృత్తిధర్మమునకు దగ్గరగు మాట యొకటి చెప్పెను. ఆపరేటింగ్ సిస్టమ్ అనునది సాక్షాత్తు ఒక స్టోర్ కీపరట! ర్యామును 4,096 బైట్ల చొప్పున పుటలుగా విభజించి, ఏ పుట ఎవని స్వాధీనమున నున్నదో పట్టిక వ్రాసికొనునట. ఒక ప్రోగ్రాము వచ్చి నాకింత స్థలము కావలయునని ఇండెంటు పెట్టగా, సరే యని దానిపై సంతకము చేసి, నిజముగా ఆ స్థలమును తాకినప్పుడు గాని సరకు విడుదల చేయడట. ఇట్టి ప్రజ్ఞావంతుని క్రింద పనిచేయు భాగ్యము నాకు లేకపోయెను గదా యని నిట్టూర్చితిని. అలమార నిండినచో, చిరకాలము ఎవ్వరును తాకని పుటలను ఏరి డిస్కు మీది పేజ్ ఫైలునకు ఎత్తి పంపును. పిలుపు వచ్చినప్పుడు మరల తెప్పించును. ఇట్లు చిన్న స్థలమును పెద్ద స్థలముగా చూపు ఇంద్రజాలమును 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ప్రారంభమైన అట్లాస్ యంత్రము లోకమునకు నేర్పెను.

“మరి ఇంద్రజాలం ఉండగా నా అక్షరం ఎందుకు కదలదురా?”

“నీ ముప్పైయైదు ట్యాబులకీ అలమార చాలక, వంకాయకూరని ఓడెక్కించి పంచాంగాన్ని దించడం, పంచాంగాన్ని ఎక్కించి మోకాళ్ళనొప్పిని దించడం, ఇదే పని! నీ ఉత్తరం రేవులో పడుంది.”

ఇంతలో కరెంటు పోయెను. వచ్చిన పిమ్మట చూతుము గదా, సంపాదకునికి నేను వ్రాసిన ముప్పాతిక పుట మచ్చుకైన లేదు. దానిని నేను సేవు చేయలేదట; ర్యాములో నున్నది విద్యుత్తుతోపాటు పోవునట. అది జ్ఞాపకశక్తి యెట్లగునని నేను గర్జింపగా, వాడు దాని జాతకము విప్పెను. 1968లో ఐబీయం సంస్థకు చెందిన రాబర్టు డెన్నార్డు పేటెంటు పొందిన ఉపాయమే నేటికిని ర్యామునకు మూలమట: ఒక్కొక్క బిట్టునకు ఒక ట్రాన్సిస్టరు, విద్యుత్తును నిలుపుకొను ఒక సూక్ష్మమైన కెపాసిటరు. ఆ కెపాసిటరు ఒక చిల్లుకుండ. నింపిన క్షణము నుండి కాఱుచునే యుండును గనుక, సాధారణముగా 64 మిల్లీసెకనుల కొకసారి, అనగా సెకనునకు పదునైదు పర్యాయములకు పైగా, ప్రతి కుండను చూచి మరల నింపుచుండవలయును. నా 4 జీబీలలో అట్టి చిల్లుకుండలు 3,435 కోట్లకు పైగా కలవు. చెప్పిన మాటను సెకనునకు పదునైదుమారులు జ్ఞాపకము చేసినగాని నిలుపుకొనలేని ఆ జీవుని యెడల, ఉప్పు తెమ్మన్న పప్పు తెచ్చి చీవాట్లు తిను నాకు మొదటిసారిగా సోదరభావము కలిగెను.

పరిహారములు రెండు: ట్యాబులను మూయుట, లేదా ర్యామును పెంచుట. వీనిలో డబ్బు ఖర్చగునదే నాకు సులభముగా తోచినది. ఎన్నడో గాని రాని విశాఖ ఓడలో వచ్చు బంధువుచేత ఇంకొక 4 జీబీల స్టిక్కును తెప్పించి, మేనల్లునిచేత పెట్టించితిని. మరునాడు అక్షరములు పిలువకముందే పలికినవి. మూడవనాడు, వ్యాధిగ్రస్తుడను గనుక, వాడు నేర్పిన రిసోర్స్ మానిటర్ తెఱచి నిలువ తనిఖీకి కూర్చుంటిని. పచ్చరంగున వాడుకలోనిది సగము. నారింజరంగున ఒక సన్నని చారిక. మిగిలినదెల్ల ముదురు నీలము. ‘ఖాళీ’ యను లేతనీలము వెదకినను కానరాని దారపు పోగు. 8 జీబీలకు ఖాళీ ఇంతేనా! వెంటనే వానికి ఫోను చేసి, క్రొత్త సరకు కూడ దొంగల పాలయ్యెనని మొఱపెట్టుకొంటిని.

“ఆ నీలందే క్యాష్ మావయ్యా. నగదు కాదు, మళ్ళీ అడుగుతావేమోనని ముందే తెచ్చి అట్టేపెట్టుకున్న సరుకు.”

అట్టి క్యాష్ మనుష్యులకును కలదు. 2024లో ఈ నగరమునకు శ్రీ విజయ పురమని నామాంతరము చేసిరి గాని, నీ వూరేదని యెవరైన నడిగినచో నా నాలుక చివర పాతికేండ్లకు మించి సిద్ధముగా నున్న పోర్ట్ బ్లెయిరే ముందుగా దూకును. ఇంతవఱకు నేనంగీకరించితిని. కాని ఖాళీ లేకుండ గిడ్డంగిని నింపి కూర్చుండు స్టోర్ కీపరును నేను క్షమింపజాలనని గట్టిగా పలుకుచుండగా, వంటింటి గుమ్మమున నిలిచి వినుచున్న నా భార్య జోక్యము చేసికొనెను.

అది మార్చి మాసము. ఈ దీవులలో మే నెల మొదలు ఏడెనిమిది మాసములు ఆకాశమునకు చిల్లి పడినట్లు కురిసినను, వేసవికి ధనిఖరి జలాశయము క్షీణించి, కుళాయి రెండుమూడు దినముల కొకసారి గాని పలుకదు. కావున మా పెరడంతయు నీలపు డ్రమ్ములే.

“ఏమండీ, కుళాయి వచ్చిన రోజున డ్రమ్ము ఖాళీగా ఉంచితే దాన్ని పొదుపంటారా?”

“అనరు.”

“రేపు మజ్జిగ కలపడానికి డ్రమ్ము కావాలని పక్కింటివాళ్ళు అడిగితే?”

“నీళ్ళు కొబ్బరిచెట్టుకి పోసి ఇచ్చేస్తావు.”

“ఎంతసేపు పడుతుంది? నిండుగా ఉన్నంత మాత్రాన అది చిక్కుకుపోయినట్టా? ఆ నీళ్ళే మళ్ళీ కుళాయిలో వస్తాయిగా. మినప్పప్పు నానబోసిన గిన్నె మాత్రం అలా గుమ్మరించకూడదు. ముందు పప్పు ఇంకో దాంట్లోకి తియ్యాలి.”

ఫోనులో మేనల్లుడు కేక వేసెను: “అదే మావయ్యా నారింజరంగు! డిస్కు మీద రాసిగాని పారబొయ్యకూడనిది! అత్తయ్యకి అన్నీ తెలుసు!”

నేను నిరుత్తరుడనైతిని. నా గిడ్డంగిలో ఖాళీ యనగా భద్రత. వీరి ధర్మములో ఖాళీ యనగా దుబారా. వేయి రూపాయలు పోసి కొనిన ర్యామును ఖాళీగా నుంచి మురియుట, కుళాయి ప్రవహించుచుండగా బోర్లించిన బిందెను తుడిచి ముద్దాడుటవంటిది. ఎంత నిండినదని గాక, నిండినదానిలో ఎంత తత్‌క్షణము వదలుకొనగలదని చూడవలయును. ఈ సిద్ధాంతమును మేనల్లునికే తిరిగి ఉపదేశించుచు, కుర్చీలో వెనుకకు వాలి, కాలుమీద కాలు వేసికొని, విస్తరించి వ్యాఖ్యానించుచుండగా పెరటిలో కుళాయి సుఱ్ఱుమనెను. నా భార్య ఒకమారు డ్రమ్ముల వంకను, ఒకమారు తెరమీది నీలపు గీతల వంకను, తుదకు నా వంకను చూచి యిట్లనెను:

“మొత్తం మీద ఈ ఇంట్లో ఖాళీగా ఉన్నది మీరొక్కరే. లేచి ఆ బిందె పట్టండి.”

నిలువ సరిపోలినది. నేను లేచితిని.