తుప్పు దర్శనం

ఇనుము కరిగించి దేశానికి కడ్డీలు పోసిన ఊరు మనది. అలాంటి విశాఖలో రెండు కడ్డీలు గ్లాసులో మునిగి కాస్త తుప్పు వదిలితే గుండెలు బాదుకుంటున్నాం.

వాటర్ ఫిల్టరు అమ్మే కుర్రాడు ఎంవీపీ కాలనీలో బెల్లు కొడతాడు. ఒక గ్లాసులో మీ కుళాయి నీళ్లు, పక్క గ్లాసులో తన ఆర్వో నీళ్లు. రెంటిలోనూ కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతాడు. కాసేపటికే మీ గ్లాసు గోధుమరంగు తిరిగి చిక్కటి బురదవుతుంది, అతనిది తళతళలాడుతుంది. "చూశారా ఆంటీ, రోజూ మీరు తాగేది ఇదే!" ఆంటీకి బీపీ, కుర్రాడికి కమిషను.

ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. అతని గ్లాసులో లవణాలు దాదాపు లేవు గనక కరెంటు పెద్దగా పారలేదు, అంతే. నమ్మకపోతే అతని నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమనండి. బ్యాగు సర్దుకుంటాడు.

తర్వాతి అస్త్రం టీడీఎస్ మీటరు. అదీ కరెంటు పారే తీరు చూసి లవణాల లెక్క ఊహించేదే. క్రిములు దాని కంటికి ఆనవు. కామెర్ల వైరస్ ఈదుతున్నా '40, శుభం' అంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ సరేనంది. అంతకు లోపున్న చోట ఆర్వోలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మన వంటింట్లో మాత్రం అంకె ఎంత తగ్గితే అంత పరువు.

ఉప్పు బోర్ల దగ్గర, ఫ్లోరైడున్న ఊళ్లలో ఆర్వోలోని వడపోత పొర ప్రాణదాతే, కాదనను. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్, సౌరిరాజన్ అనే పరిశోధకులు ఈ పొర కోసం తంటాలు పడింది సముద్రపు నీటిలో ఉప్పు తీయడానికి. వాననీటితో నిండే మన తాటిపూడి, రైవాడ జలాశయాల నీళ్లను మళ్లీ కడగడానికి కాదు.

అసలు తమాషా నేల కింద ఉంది. నీళ్ల క్యాన్ల వ్యాపారి బోరు నీళ్లు లాగి ఆర్వోలో పోస్తాడు. కొంత క్యాన్లోకి, మిగతాది ఉప్పంతా మూటగట్టుకుని కాలవలోకి. ఇంటి మిషను గ్లాసు ఇవ్వడానికి రెండు మూడు గ్లాసులు పారబోస్తుంది. తీరం వెంట ఇలా తోడుకుంటూ పోతే ఖాళీ అయిన చోటికి సముద్రం జరుగుతుంది. బోరు ఉప్పెక్కుతుంది. నిన్నటిదాకా అక్కర్లేని ఆర్వో అప్పుడు తప్పనిసరవుతుంది. కుర్రాడు మళ్లీ బెల్లు కొడతాడు, ఈసారి మీటరు నిజమే చెబుతుంది.

సీ వ్యూకని చదరపు అడుక్కి అదనంగా గుంజిన బిల్డర్లు ఇంకా మేలుకోలేదు గానీ, సముద్రమే బోరులోకి దయచేస్తే దానికెంత రేటు కట్టాలి?