సాంబారుకు ఏడు పేర్లు

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీల సామెత. కాశీ సంగతి పోయినవాళ్లు వెనక్కి వచ్చి చెప్పేది కాదు గనక వదిలేద్దాం. సూరత్ సంగతి మాత్రం ఈ ఊరు పొద్దున లేచింది మొదలు రుజువు చేస్తూనే ఉంటుంది. తెల్లారితే ఆవిరి మీద ఉడికిన లోచో, పైన వెన్న, సేవ్, పచ్చి ఉల్లిపాయ. చలికాలం వస్తే ఊంధియు. అదే చలికాలంలో లేతజొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, దులిపి అమ్మే పోంక్. మన తెలంగాణ చేలల్లో ఊచబియ్యం అంటారే, అదే. కాకపోతే ఇక్కడ దానికి పండగంత హడావిడి. శరద్ పూర్ణిమ మర్నాడు చాందీ పడ్వో పేరుతో ఊరంతా నెయ్యి కారే ఘారీలు తినడానికే ఒక రోజు కేటాయించుకుంటుంది. పేరుకు తగ్గట్టు తాపీ నది ఒడ్డున తాపీగా తినే ఊరు.

ఆ తాపీ దాటి, అమ్రోలి కూడా దాటి ఉత్తరానికి వస్తే మా కోసాడ్. ఒక పక్క అహ్మదాబాద్ వెళ్లే రైలు పట్టాలు, ఇంకో పక్క మున్సిపాలిటీ కట్టించిన ఆవాస్ బిల్డింగులు, చుట్టుపక్కల టకటకమనే పవర్‌లూమ్ షెడ్లు. తెలుగువాళ్లం లింబాయత్ వైపు ఉన్నంత మందిమి ఇక్కడ లేము గానీ, లేకుండా లేము. మగ్గం పని మీద కరీంనగర్ నుంచో, వరంగల్ నుంచో, నల్లగొండ నుంచో తాతల కాలంలో రైలెక్కినవాళ్ల సంతానం. ఈ నగరపాలక సంస్థ బడులు నడిపే ఏడు భాషల్లో తెలుగు కూడా ఒకటి. అక్షరం ముక్క ఇక్కడే వస్తుంది, అమ్మ చేతి అన్నమూ ఇక్కడే దొరుకుతుంది. అయినా పిల్లవాడికి మీసం మొలిచే వేళకి తల్లిదండ్రులకి ఒక జ్ఞానోదయం అవుతుంది: 'వీడు ఇంట్ల తిని ఖరాబైతుండు. మనూరి దిక్కు హాస్టల్ల ఎయ్యాలె.'

దేశం మొత్తం తినడానికి ఏ ఊరికి రావాలనుకుంటుందో, ఆ ఊళ్లోంచి పిల్లవాణ్ని పస్తుల శిక్షణకు పంపే ఘనత మాదే.

ఆదివారం సాయంత్రం మా బిల్డింగులో ఏ తెలుగింటి ముందు నిలబడ్డా ఒకటే ఫోను సంభాషణ వినిపిస్తుంది. హాస్టల్ వాళ్లు ఇచ్చే టైమే అయిదు నిమిషాలు. వెనకాల ఇంకో ముప్ఫై మంది లైన్లో.

'బిడ్డా, తిన్నవా?'

'తిన్ననే అమ్మా.'

'ఏం కూర?'

'కూరనే.'

'ఏం కూర బిడ్డా?'

కొంచెం సేపు నిశ్శబ్దం. పిల్లవాడు నిజంగానే ఆలోచిస్తాడు. 'ఎర్రగ ఉండెనే,' అంటాడు. తండ్రి ఫోను లాక్కుంటాడు. 'అదంత ఇడ్శిపెట్టు. వీక్లీ టెస్ట్‌ల ఎంతొచ్చింది?' దానికి మాత్రం జవాబు దశాంశ స్థానంతో సహా వస్తుంది. కెమిస్ట్రీలో పోయిన మార్కు ఏ ప్రశ్నలో పోయిందో వాడికి తెలుసు, ప్లేటులో పడిన కూరగాయ ఏదో తెలియదు. రసాయన శాస్త్రంలో తెలియని పదార్థాన్ని ఎలా కనిపెట్టాలో చెప్తారు గానీ, దాన్ని మెస్‌లో ప్రయోగించనివ్వరు.

అలాగని మెనూ లేదనుకునేరు. భేషుగ్గా ఉంటుంది. డైనింగ్ హాల్ గోడ మీద నీలం రంగు బోర్డు, తెల్ల పెయింటుతో ఏడు వారాలు, నాలుగు గళ్లు. సోమవారం సాంబార్. మంగళవారం పప్పుచారు, అంటే నిన్నటి దాంట్లోంచి ములక్కాడ తీసేసింది. బుధవారం టమాటా పప్పు, అంటే మంగళవారం దానికి నీళ్లు తగ్గించింది. గురువారం మిక్స్‌డ్ వెజ్ కర్రీ, అంటే మంగళవారం తీసేసిన ములక్కాడ తిరిగొచ్చింది. శుక్రవారం దాల్ ఫ్రై. దాల్ ఎవరు, ఫ్రై ఎవరు అని అడగకూడదు. శనివారం ఆకుకూర పప్పు. ఆకు ఒకటి, పప్పు ఒకటి. ఆదివారం చికెన్, అందులో గ్రేవీ ఎవరిదని అడిగితే సాంబారు సిగ్గుపడి తల దించుకుంటుంది. విష్ణువుకు వెయ్యి పేర్లున్నప్పుడు సాంబారుకు ఏడు ఉంటే తప్పేమిటంటారా? దేవుడు ఒక్కడే, నామాలే వేరు. మనవాళ్లకు ఈ తత్వం కొత్తా?

నిజానికి మన పెద్దలు చదువుకున్న తీరు చూస్తే లెక్క తిరగబడి ఉండేది. వారాలు చేసుకుని చదువుకున్నానని చెప్పే తాతగార్లు చాలా ఇళ్లలో ఉండేవారు. సోమవారం కరణం గారింట, మంగళవారం పంతులు గారింట, బుధవారం ఎవరో పుణ్యాత్మురాలింట. అభిమానం చంపుకుని, అరుగు మీద కూర్చుని తిన్న తిండి. దాన్ని గొప్ప రోజులని పొగడక్కర్లేదు. కానీ ఏడు రోజులకు ఏడు చేతుల వంట కడుపులోకి పోయేది. వడ్డించే ఆవిడ 'ఇంకొంచెం వెయ్యనా నాయనా' అనేది. ఇప్పుడు పేదరికం లేదు, అరుగు లేదు, ఆ ఒక్క మాటా లేదు. గంటె ఒకసారి పడుతుంది, తర్వాత 'నెక్స్ట్' అని వినపడుతుంది.

మరి ఈ వయసు పిల్లలకు ఎంత తిండి కావాలి? దీనికి జవాబు చెప్పేవాళ్లు మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకు 3,320 కిలో కేలరీలు కావాలి. బరువు పని చేసే పెద్ద మగవాడికి చెప్పిన లెక్క 3,470. అంటే బల్ల ముందు కూర్చుని త్రికోణమితి చేసే ఈ కుర్రవాడి ఒళ్లు, మూటలు మోసే హమాలీకి దాదాపు సమానంగా అడుగుతుందన్నమాట. ఎముక సాగాలి, కండ పట్టాలి, గొంతు మారాలి. ఆడపిల్లలకైతే అదే వయసులో రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పెద్ద మగవాడికి 19 చాలు. మరి ఉన్నదెంత? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 59.1 శాతం, తెలంగాణలో 64.7, ఆంధ్రప్రదేశ్‌లో 60.1. తిండికి పేరుబడ్డ మా గుజరాత్‌లో 69. సామెతలు చెప్పుకున్నంత మాత్రాన ఒంట్లోకి రక్తం ఎక్కదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. 1971లో పీవీ నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల చదువు ఇవాళ తెలంగాణలో వెయ్యికి పైగా విద్యాలయాలకు పాకింది. పేదింటి పిల్లలు ఎందరినో ఎక్కడికో చేర్చిన గొప్ప ఆలోచన అది, అందులో వెటకారం లేదు. 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చాయి. మంచిదే. అయితే అన్నం సన్నబడితే చాలదు, దాని మీద పడేది చిక్కబడాలి కదా! ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలకు డైట్ చార్జీ 2024 చివరి దాకా నెలకు 1,100 రూపాయలు. రోజుకు 37 రూపాయలు కూడా నిండదు. అందులోనే పొద్దుటి టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం స్నాక్స్, రాత్రి భోజనం, గుడ్డు, పాలు, చికెన్. ఈ లెక్కలో వంట చేసినవాళ్లకు పాకశాస్త్రంలో కాదు, ఇంద్రజాలంలో పతకం ఇవ్వాలి. తర్వాత 40 శాతం పెంచి 1,540 చేశారు. రోజుకు 51 రూపాయల 33 పైసలు. మా కోసాడ్‌లో ఆ డబ్బుతో మనిషి ఒక పూట టిఫిన్ చేసి, చాయ్ తాగి, చిల్లర కోసం చెయ్యి చాపుతాడు.

అయితే గుట్టంతా డబ్బులోనే ఉందా? లక్షల్లో ఫీజులు గుంజే ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఏడు పేర్ల సాంబారు ఎందుకుంది మరి? అక్కడ బోర్డు మాత్రం ఏసీ హాల్లో ఉంటుంది, అంతే తేడా.

గుట్టు నాకు మా వీధిలోని మెస్ చూశాక అర్థమైంది. ఒడిశా గంజాం జిల్లా నుంచి వచ్చి మగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడే కార్మికులు సూరత్‌లో ఇలాంటి మెస్సుల్లోనే ఉంటారు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. అంతకంటే ఇరుకు బతుకు ఉండదు. అయినా పప్పు నీళ్లలా ఉంటే ఆ కార్మికుడు మెస్ యజమాని మొహం మీదే చెప్తాడు. మూడుసార్లు చెప్పినా చిక్కబడకపోతే పై నెల పెట్టె సర్దుకుని పక్క మెస్‌కి పోతాడు. ఆ భయం యజమానికి ఉంటుంది. ఎందుకంటే అక్కడ తినేవాడూ డబ్బు కట్టేవాడూ ఒక్కడే. హాస్టల్లో తినేది పిల్లవాడు, కట్టేది తండ్రో ప్రభుత్వమో, బాగుందని సంతకం పెట్టేది తనిఖీకి వచ్చిన పెద్దమనిషి. ముగ్గురూ ఎప్పుడూ ఒక బంతిలో కూర్చోరు. పప్పు పలచబడేది ఈ ముగ్గురి మధ్య ఖాళీలోనే.

తనిఖీ అంటే గుర్తొచ్చింది. అది ఏ రోజో వంటమనిషికి ముందే తెలుస్తుంది, పాలవాడికి తెలుస్తుంది, వాసనను బట్టి పిల్లలకూ తెలుస్తుంది. ఆ రోజు వంకాయ వంకాయలాగే ఉంటుంది. పెరుగు గిన్నె బోర్లించినా పడదు. పెరిగిన చార్జీలతో ఉమ్మడి మెనూ ప్రారంభిస్తూ 2024 డిసెంబరు 14న తెలంగాణ ముఖ్యమంత్రి చిలుకూరు గురుకులంలో పిల్లలతో కలిసి భోంచేశారు. మంత్రులు, అధికారులు తలా ఒక హాస్టల్‌కు వెళ్లారు. మంచి పని, కాదనం. ఆ రోజు వడ్డన లోటుగా ఉండి ఉంటుందని ఎవరూ అనుకోరు. డిసెంబరు 15 గురించే పిల్లల బెంగ. చిలుకూరంటే వీసా కోసం బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూటెనిమిది చేసే ఊరు. ముఖ్యమంత్రి రోజూ రావాలని మొక్కుకుంటే ఎన్ని చుట్లు తిరగాలో అర్చకుల్ని అడగాలి.

పోనీ ప్లేటు ఫోటో తీసి ప్రపంచానికి చూపిద్దామంటే హాస్టల్లో ఫోను నిషేధం. 2012లో స్కాట్లాండ్‌లో ఒక తొమ్మిదేళ్ల పిల్ల రోజూ తన బడి భోజనాన్ని ఫోటో తీసి మార్కులు వేసింది. ఎన్ని ముద్దలు, ఆరోగ్యానికి ఎన్ని మార్కులు, ఎన్ని వెంట్రుకలు అని ఒక పట్టిక. అక్కడి కౌన్సిల్‌కు ఒళ్లు మండి కెమెరా వద్దంది. లోకం నవ్వేసరికి వెంటనే నిషేధం ఎత్తేసింది. మన దగ్గర అంత శ్రమ ఎందుకు? మన పిల్లలకు వెంట్రుకలు లెక్కపెట్టేంత తీరిక లేదు. బెల్లు కొట్టేస్తారు, స్టడీ అవర్.

కాబట్టి ప్రజాస్వామ్యం ట్రంకు పెట్టెలో దాక్కుంది. తాళం తీస్తే పైన పుస్తకాలు, కింద అసలు సిలబస్: ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా, సకినాలు, సర్వపిండి ముక్కలు. సూరత్ నుంచి పోయినవాడి పెట్టెలో అదనంగా థేప్లాలు, ఖాఖ్రాలు. రూమ్‌లో ఎవరి పెట్టెలో పచ్చడి ఉందో వాడే ఆ వారం క్లాస్ లీడర్. ఆవకాయ నూనె వేలితో తుడిచి ఆఖరి మెతుకు దాకా రుద్దుకున్న ప్లేటును సబ్బు పెట్టి కడగక్కర్లేదు. విజిటింగ్ ఆదివారం చూడండి: గేటు లోపల ప్రతి వేపచెట్టు కింద ఒక దుప్పటి, ఒక స్టీలు క్యారియర్, చుట్టూ ఒక కుటుంబం. తల్లి బొక్క తీసి మెత్తని ముక్క కలిపి పెడుతుంటుంది, పదహారేళ్ల మీసాలవాడు సిగ్గు లేకుండా నోరు తెరుస్తాడు. పక్క దుప్పటి మీద కొడుకు స్నేహితుడు, వాళ్లవాళ్లు రాని పిల్లవాడు, ఊరికే పుస్తకం తిరగేస్తుంటే 'నువ్వూ రా బిడ్డా' అని పిలుస్తుంది. ప్రభుత్వాలు, యాజమాన్యాలు కలిసి చెయ్యలేని పని ఆ తల్లి ఒక గంటెతో చేస్తుంది.

బడి గేటుకు యాభై మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. మంచి నిబంధన. గేటు బయట ఏం అమ్మకూడదో యాభై మీటర్లు కొలిచి చెప్పినవాళ్లు, గేటు లోపల గిన్నె లోతెంతో కూడా కొలిస్తే బాగుండు.

ఇక్కడ నవ్వు ఆపాలి. 2024లోనే ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో ఒక బాలిక వారాల తరబడి చికిత్స పొంది నవంబరులో నిమ్స్‌లో కన్నుమూసింది. ఆ పిల్లకు మెస్ మారే వీలు లేదు. ఫిర్యాదు చేస్తే వినే మనిషి పక్కన లేడు. పలచటి పప్పు గురించి ఎవరూ అడగకపోవడం ఏ చివరికి దారితీస్తుందో తెలుసుకోవడానికి అంతకంటే వేరే తనిఖీ నివేదిక అక్కర్లేదు.

అందుకని నాదొక మనవి. మెనూ మీద సంతకం పెట్టేవాళ్లు, టెండరు పాడుకున్నవాళ్లు, ప్రిన్సిపాళ్లు, యాజమాన్యాలు నెలకొకసారి చెప్పకుండా వచ్చి తినాలి. వీఐపీ టేబుల్ మీద కాదు, లైన్లో, అదీ చివర, గిన్నె అడుగంటే వేళకి. రెండోది, ప్రతి హాస్టల్లో పిల్లలే ఎన్నుకున్న మెస్ కమిటీకి సరుకుల బిల్లు చూసే హక్కు, బాగాలేని కూరను వెనక్కి పంపే హక్కు ఇవ్వాలి. ఓటుకు ఇంకా రెండేళ్లున్నా వంకాయ కుళ్లిందో లేదో చెప్పే వయసు వాళ్లకొచ్చింది. మూడోది మా కోసాడ్ తండ్రులకు: ఫోన్లో ఆ అయిదు నిమిషాల్లో మార్కులకు ఒక్క నిమిషం చాలు, మిగతా నాలుగూ తల్లికి వదిలెయ్యండి.

ఇవేవీ కుదరవంటారా? అయితే ఖర్చు లేని పని ఒకటుంది. నీలం బోర్డు తుడిచి, ఏడు రోజులకూ ఒకే మాట రాసెయ్యండి: 'సాంబార్'. కల్తీ లేని సరుకు హాస్టల్లో ఒక్కటైనా ఉన్నట్టవుతుంది.