అటకభక్తుడు

పల్లెలో గాని పట్టణములో గాని ఒక క్రైస్తవసంఘము తన పాత పెంకుటి మందిరమును విప్పి క్రొత్తదానిని కట్టబూనినప్పుడు, చందాల పుస్తకము చంకనిడుకొని తిరుగువాడును, శిలాఫలకముపై తన పేరు ఏ వరుసలో వచ్చునోయని నిద్రమానినవాడును, స్లాబు పోయునాడు ఒక్క తట్ట కంకర నందించి ఆరు ఫోటోలు దిగువాడును ఎల్లరెరిగినవారే. కాని వీరందరును అలసి యిండ్లకు జేరిన పిమ్మట, చెవిమీద పెన్సిలు, చేత కొలతటేపు, నోట నాలుగు మేకులు ధరించి, మెడ పైకెత్తి, కప్పునకును ఫాల్స్ సీలింగునకును నడుమనున్న ఖాళీని తదేకదృష్టితో వీక్షించుచుండు పురుషుని మాత్ర మెవరును గమనింపరు. ఇతడే అటకభక్తుడు.

వృత్తిచేత నితడు బడిపంతులో, రైల్వే గుమాస్తాయో యైయుండును. వడ్రంగము నేర్వలేదు, అబ్బినది. భగవంతుడు శూన్యమునుండి జగత్తును సృజించెనని మనసార విశ్వసించువాడే యైనను, శూన్యమును శూన్యముగా విడిచిపెట్టుట యితనికి సహింపరాని విషయము. వేదిక క్రింద మూడడుగుల ఖాళీ కనబడెనా, అచ్చట నొక అర. గంటగోపురపు మెట్లు మలుపు తిరిగెనా, ఆ మలుపున నొక గూడు. ఇనుప ట్రస్సుల నడుమ మనిషి పాకిపోవునంత చోటున్నదా, ఇక యువజనసంఘమునుండి ఇద్దరు బక్కపలుచని పిల్లలను బిలిచి, టీయు సమోసాలును ఆశజూపి, రాత్రికి రాత్రి పలకలు పరపించును. తలుపు తలుపువలె నుండుట యితని శిల్పశాస్త్రమునకు విరుద్ధము. పిడి యుండదు, గొళ్లెముండదు, గోడకు వేసిన రంగే దానికిని. ఒక మూల మోచేతితో పొడిచినగాని తెరచుకొనదు, ఆ మూల యేదో పొడిచినవానికే తెలియును.

పటములో లేని ప్లైవుడ్డునకు బిల్లెట్లు వచ్చెనని కోశాధికారి కమిటీలో నిలదీసినచో నితడు తొణకక బైబిలు విప్పును. సొలొమోను దేవాలయమునకు చుట్టును మూడంతస్తుల గదులు, క్రిందిది 5 మూరలు, నడిమిది 6, పైది 7 మూరల వెడల్పున కట్టబడలేదా? అతల్యా రాణి రాజకుమారుల నెల్ల చంపించినప్పుడు పసివాడైన యోవాషు ఆరేండ్లు దాగియున్నది మందిరములోనే గదా, అర లేకున్న నా బిడ్డ యేమగును? అని ప్రశ్నించును. మన సంఘములో రాజకుమారు లెవరును లేరని యొకరు గొణిగినను అది చెవినబెట్టడు. ఇంకను రెట్టించినచో, యోషీయా కాలమున మందిరమును బాగుచేసిన పనివారు నమ్మకస్థులగుటచేత వారికిచ్చిన ద్రవ్యమునకు లెక్క అడుగలేదను మాటను, రాజుల రెండవ గ్రంథము 22వ అధ్యాయము పేరు చెప్పి మరీ వినిపించును. కోశాధికారి యా అధ్యాయమును అంతకుముందు చదివినవాడు కాడు, తరువాతను చదువదలపడు. అటకకు గాలివెలుతురులకై కిటికీ పెట్టుమన్నచో మాత్రము, పౌలు అర్ధరాత్రి దాక ప్రసంగించుచుండగా మూడవ అంతస్తు కిటికీలో కునికి క్రిందబడిన ఐతుకును స్మరించి, మన అయ్యగారి ప్రసంగములును పొట్టివి కావని చెప్పి నిరాకరించును.

ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 1578 తరువాత కథోలికుల బహిరంగారాధన నిషిద్ధము కాగా, హార్ట్‌మన్ అను వర్తకుడు 1661, 63 సంవత్సరముల నడుమ తన యింటి పై యంతస్తులలో సాక్షాత్తు ఒక చర్చినే యిమిడించెను; నేడది ప్రదర్శనశాల. ఆ వర్తకుడు అటకలో చర్చిని దాచెను. మనవాడు చర్చిలో అటకలను దాచును. అతనికి సర్కారు భయము. ఇతని కెవరి భయమును లేదు గనుక ఇతనిదే శుద్ధమైన కళయని నా యభిప్రాయము.

ఈ కళాఫలము డిసెంబరులో నెల్లరకు ననుభవమునకు వచ్చును. పశువులపాకకు గొల్లలు దొరుకుదురు, గొఱ్ఱెలు దొరుకవు. కోతపండుగ వేలముపాటకు దెచ్చిన తక్కెడ దొరుకును, దాని రాళ్లు దొరుకవు. నక్షత్రము మొదలే దొరుకదు. అటకభక్తుడా, కూతురి యింటికి పొరుగూరు వెళ్లియుండును. "అన్నా, నక్షత్ర మెక్కడ పెట్టితివి?" అని ఫోనులో నార్తనాదము చేయగా, "గాయకుల బెంచీ వెనుక మూడవ పలక, ఎడమ మూల పొడువుము, తెరచుకొనకున్న నేనే వచ్చెదను" అని యెంతో తృప్తితో బదులుచెప్పును. నాడు జ్ఞానులకు నక్షత్రము దారి చూపెను. నేడు నక్షత్రమునకు దారి చూపుట కీ జ్ఞాని యొక్కడే గతి.

అయినను, శిలాఫలకమున పేరు చెక్కించుకొన్నవారికంటె నాకీతడే మిన్న. ఇతని పేరు అటకలోపలి పలక వెనుక, పెన్సిలుతో, తేదీ సహితముగా వ్రాయబడియుండును. దానిని చదువువారు పావురములును, ఎప్పుడైన నొక ఎలక్ట్రీషియనును.

క్రొత్త మందిరములు కట్టబూనిన సంఘపెద్దలకు నా మనవి యొక్కటే. ప్రతిష్ఠదినమునకు ముందే ఇతనిని కూర్చుండబెట్టి, ఒక మంచి భోజనము పెట్టి, అరలన్నిటికిని ఒక పటము గీయించుకొనుడు. గీయించుకొని, దానిని భద్రపరచుమని మాత్రము అతని చేతి కీయకుడు.