శిఖంలో నల్లతుమ్మ

మా రోజుల్లో చెరువు శిఖంలోకి గొడ్డలి పట్టుకొని ఎవరంటే వాళ్ళు పోయేవాళ్ళు కాదు. అక్కడి నల్లతుమ్మల్లో ఏ మొద్దు నాగలికి వస్తుందో, ఏ వంకర కొమ్మ మేడికి కుదురుతుందో వడ్లాయన ఏళ్ల ముందే చూసి పెట్టుకునేవాడు. మొన్న మా ఊళ్ళో ఒక పిల్లగాడు జేసీబీ తెచ్చి గట్టు మీది ముదురు తుమ్మను వేళ్ళతో సహా పెకలించాడు. ఎందుకురా అంటే, "ముండ్ల చెట్టే గదా పెద్దబాపూ, ఉంటే ఏంది, పోతే ఏంది" అన్నాడు.

ముండ్లట! జంటలు జంటలుగా ఆ తెల్లటి పొడుగు ముండ్లు లేత మొక్కకు. చెట్టు ముదిరాక చాలామటుకు ఉండవు. నిలువునా పగిలిన నల్ల బెరడు, పసుపుపచ్చ బంతుల్లాంటి చిట్టిపూలు, గింజ గింజకూ మధ్య నొక్కినట్టుండే బూడిదరంగు కాయలు. ఇవి చూసి కూడా చెట్టును పోల్చుకోలేకపోతే ఊళ్ళో పుట్టి ఏం లాభం?

చెరువు నిండి నెలల తరబడి మొదలు నీళ్ళలో ఉన్నా అది చావదు. నీళ్ళు తీసి నల్లరేగడి నెర్రెలిచ్చినా చావదు. కొట్టిన మొద్దును చెరువులో నానేసి, నీడన ఆరబెట్టి, ఆ ఎర్రటి చేవతో నాగలి, గొర్రు, బండి చక్రం ఆకులు చేసేవాళ్ళు. బెరడు లందల్లోకి, బంక మందుల్లోకి, పుల్ల పళ్ళు తోముకోవడానికి. ఎండాకాలం గడ్డి మాడిపోయినప్పుడే కాయలు రాలేవి, మేకలకు అదే ఆధారం. గింజ పెంకు గట్టిది, మేక కడుపులోంచి వచ్చినదే తొందరగా మొలుస్తుంది. మంద తిరిగిన చోటల్లా తుమ్మ లేచేది.

ఇప్పుడు శిఖమంతా సర్కారు తుమ్మ. అమెరికా ఖండాలకు చెందిన ఈ మొక్కను 1870ల్లో కడప జిల్లా కమలాపురం వైపు నాటించారు. పొయ్యికి, బొగ్గుకు పనికొచ్చి పేదవాడికి ఆసరా అయింది, కాదనను. కానీ కింద గడ్డిని బతకనివ్వదు. రోడ్ల పక్కనేమో ఆస్ట్రేలియా తుమ్మ. దానికి ఆకుల్లా కనిపించేవి చదునైన కాడలు, మేకలు వాటిని ఇష్టపడవు.

నా కోపమల్లా ఒక్కటే. ఈ మూడింటినీ ఒకే కంప కింద జమకట్టి నరుకుతున్నారు. సర్కారు తుమ్మను కొడితే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. నల్లతుమ్మ ముదురు మోడు అంత సులువుగా చిగురించదు, మళ్ళీ గింజ నుంచే రావాలి. కాయనిచ్చే చెట్టునే పెకలిస్తే గింజ ఎక్కడిది? గట్టు మీద ఇంకా నిలిచి ఉన్నవాటిని ముట్టకండి. మేకల దొడ్లో గింజలు ఏరి తొలకరికి శిఖం అంచున చల్లండి, మొక్క తలెత్తేదాకా మందను అటు తోలకండి.