ఖాళీ దిమ్మె

మీ వీధి మలుపులో రెండు స్తంభాల మధ్య కూర్చుని, తొలకరి చినుకు పడగానే టప్పున పేలే ట్రాన్స్‌ఫార్మర్‌ను మీరు ఎరుగుదురు. దాని మీద మీకు కోపమూ ఉంది, చనువూ ఉంది. నేను దానికి పెద్దన్నను. ఊరవతల 400 కేవీ సబ్‌స్టేషన్‌లో, కంకర పరిచిన యార్డులో, కాంక్రీటు దిమ్మె మీద ఉంటాను. 400 కేవీలో వచ్చిన కరెంటును 220కి దించి పంపడం నా ఉద్యోగం. సామర్థ్యం 315 ఎంవీఏ, బరువు నూనెతో కలిపి రెండు వందల టన్నుల పైమాట. కడుపులో రాగి చుట్లు, చుట్లకు కాగితం కట్టు, నడుమ వేల ఉక్కు రేకులు పేర్చిన గుండె. ఆ రేకులు సెకనుకు వంద సార్లు సాగి ముడుచుకోవడమే మీకు వినిపించే నా మూలుగు. పక్కన వేలాడే చిన్న గాజు గొట్టంలోని గుళికలు తేమ పీల్చే కొద్దీ నీలం పోయి గులాబీ రంగుకు తిరుగుతాయి; ఆపరేటరు రౌండుకు వచ్చినప్పుడు వాటి మీద ఓ కన్నేసి పోతాడు. పిడుగును తట్టుకునే ఏర్పాట్లు నాకు చాలానే ఉన్నాయి. తేమ మాత్రం లోపలికి చేరి కాగితాన్ని నెమ్మదిగా తినేస్తుంది.

అమెరికాలో ఒక రకం నవలలున్నాయి. వాటిలో మొదటి పేజీల్లో మా జాతి చస్తుంది, తక్కిన పుస్తకమంతా మనుషులు చస్తారు. 1959లో పాట్ ఫ్రాంక్ రాసిన ‘అలాస్, బాబిలాన్’లో అణుయుద్ధం ఫ్లోరిడాలోని ఒక చిన్న ఊరిని చీకట్లో పడేస్తుంది. 2009లో విలియం ఫోర్స్‌చెన్ రాసిన ‘వన్ సెకండ్ ఆఫ్టర్’లో ఆకాశంలో చాలా ఎత్తున పేలిన అణుబాంబు విద్యుదయస్కాంత దెబ్బకు దేశమే ఆగిపోతుంది. కథ జరిగేది నార్త్ కరొలైనా కొండల్లోని బ్లాక్ మౌంటెన్‌లో. కార్లు కదలవు, మందులు నిండుకుంటాయి, నరమాంసం తినే ముఠా ఒకటి ఊరి మీద పడుతుంది. దీనికి ముందుమాట రాసింది ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్. అంటే కాలక్షేపానికి రాసిన కథగా దాన్ని ఎవరూ తీసుకోలేదన్నమాట. ఇలాంటివి చదివి గుండె జారిన పాఠకుడు ఏం కొంటాడు? డబ్బాల్లో తిండి, డీజిలు, తూటాలు. భయం సబబే, అది చేరిన చిరునామా తప్పు. గ్రిడ్డు పోతే పొరుగువాడు తోడేలు అవుతాడని ఆ కథలు బెదిరిస్తాయి. అంతకన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది: ఈ దిమ్మె మీద నేను కాలిపోతే, నా బదులు ఇంకొకటి ఎన్నాళ్లకు వస్తుంది?

చిన్నవాడి సంగతి వేరు. పొలం గట్టున అది కాలిపోతే రైతులే ట్రాక్టరు తొట్టిలో వేసుకుని మరమ్మతు షెడ్డుకు తీసుకుపోవడం తెలుగు పల్లెల్లో అందరూ చూసిందే. వాటికి కరెంటు పంపిణీ చేసే డిస్కంల దగ్గర, బదులుకు సిద్ధంగా ఉంచే రోలింగ్ స్టాకు ఉంటుంది. పట్నంలో ఒక రోజులో, పల్లెలో రెండు రోజుల్లో మార్చాలని నియమమూ ఉంది. నాకు ఆ భాగ్యం లేదు. నేను దుకాణంలో దొరికే సరుకును కాను. ఏ లైనుకు, ఏ వోల్టేజికి, ఎంత లోడుకు అని ముందే లెక్క కట్టి ఒక్కో ఆర్డరుకు విడిగా చేస్తారు. కాగితం చుట్టేది ఇప్పటికీ చేయి తిరిగిన పనివాళ్లే. తర్వాత పెద్ద ఓవెన్‌లో పెట్టి ఒంట్లో తేమంతా పిండేస్తారు. బయల్దేరేటప్పుడు నూనె వంపేసి, పొడి గాలో నైట్రోజనో నింపి, దారిలో ఎక్కడ కుదుపు తగిలిందో రాసిపెట్టే పరికరం ఒకటి ఒంటికి బిగిస్తారు. లెక్కలేనన్ని చక్రాల ట్రైలరు మీద, ప్రతి వంతెన దగ్గరా ఆగి బలం చూసుకుంటూ, మనిషి నడకతో పోటీ పడుతూ వస్తాను. అమెరికా ఇంధన శాఖ 2012 నివేదికలో మా జాతికి ఆర్డరిస్తే చేతికి అందే గడువు నెలల్లో ఉండేది. ఇప్పుడది రెండు నుంచి నాలుగేళ్లు పడుతోంది. అమెరికా మా పెద్ద తరహా ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువ భాగం దిగుమతే చేసుకుంటుంది. నవలా రచయితకు ఇందులో నాటకీయత కనిపించదు కాబోలు. క్యూలో నిలబడ్డ ఆర్డరు ఫారం మీద సినిమా తీయలేరు మరి.

మేం ఎంత సులువుగా చస్తామన్న విషయంలోనూ ఆ కథలు తొందరపడ్డాయి. 1989 మార్చి 13న సూర్యుడి నుంచి వచ్చిన తుపాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపింది. నేలలో పుట్టిన కరెంటు న్యూట్రల్ దారిన మా వాళ్లలోకి ఎక్కింది. అది మాకు అలవాటైన ఏసీ కాదు, ఇంచుమించు డీసీ. దాంతో ఉక్కు గుండె ఒక వైపే బిగుసుకుపోతుంది, నూనె కాగుతుంది, వోల్టేజి కుంగుతుంది. కెనడాలోని క్విబెక్ గ్రిడ్డు సుమారు 90 సెకన్లలో కుప్పకూలి 60 లక్షల మంది చీకట్లో పడ్డారు. అయినా తొమ్మిది గంటల్లో చాలా మందికి కరెంటు తిరిగొచ్చింది. ఎందుకంటే కూలడం వేరు, కాలడం వేరు. రక్షణ రిలేలు సర్క్యూట్లను తెంచేసి గ్రిడ్డును పడగొట్టాయి గానీ మాలో చాలా మందిని బతికించాయి. అదే తుపానులో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక అణువిద్యుత్ కేంద్రం తాలూకు ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం లోపల కాలిపోయింది. రద్దయిన మరో కేంద్రం కోసం తయారై పడున్నది దొరకబట్టి సుమారు ఆరు వారాల్లో బండి పట్టాలెక్కింది. అణుబాంబు మాటకొస్తే, 1962 జులై 9న పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చి అమెరికాయే చూసింది. 1,400 కిలోమీటర్లకు పైగా దూరంలోని హవాయిలో సుమారు మూడొందల వీధి దీపాలు ఆరిపోయాయి, ఊళ్లు మిగిలాయి. నేటి ఎలక్ట్రానిక్స్ అప్పటికన్నా సుకుమారమైనవన్నది నిజమే. అక్కడి విద్యుత్ పరిశోధన సంస్థ ఎప్రి 2019లో తేల్చింది ఏమిటంటే, ఇలాంటి దెబ్బకు ఒక ప్రాంతమంతా వోల్టేజి కూలవచ్చు గానీ మేం గుంపులు గుంపులుగా కాలిపోయే అవకాశం తక్కువని.

ఇక తోడేళ్ల సంగతి. న్యూయార్క్ 1977 జులై చీకటిని చూపించి, చూశారా అంటారు. ఆ రాత్రి పదహారు వందలకు పైగా దుకాణాలు దెబ్బతిన్నాయి, మూడు వేల ఏడు వందల మందికి పైగా అరెస్టయ్యారు. కాదనను. కానీ అదే నగరం 1965 నవంబరులోనూ చీకట్లో గడిపింది, 2003 ఆగస్టులోనూ గడిపింది. ఆ రెండుసార్లూ అలాంటి లూటీ జరగలేదు. చీకటి మూడుసార్లూ ఒకటే. 1977లో నగరం దివాలా అంచున ఉంది, నిరుద్యోగం కాల్చేస్తోంది. కాబట్టి ఆ నేరం చీకటి ఖాతాలో వేయడం కుదరదు. 2012 జులై 31న భారతదేశంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కలిసి పడిపోయినప్పుడు ఆ ప్రాంతాల్లో బతికేవాళ్లు అరవై కోట్ల పైమాట. రైళ్లు ఆగాయి, గనుల్లో కూలీలు చిక్కుకుని తర్వాత బయటికొచ్చారు, ఎవరూ ఎవర్నీ పీక్కు తినలేదు. తెలుగు నేల దాకా ఆ రోజు ఆ పతనం రాలేదు, ఎందుకంటే దక్షిణ గ్రిడ్డు అప్పటికి విడిగా ఉండేది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిపాక ఆ ఎడం పోయింది. ఒకరికొకరం ఆసరా అయ్యాం, ఒకరి జ్వరం మరొకరికి అంటుకునేంత దగ్గరా అయ్యాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక పాలకూ నీళ్లకూ రెట్టింపు ధర గుంజినవాళ్లూ లేకపోలేదు. ఇతర జిల్లాల నుంచి వచ్చి స్తంభాలు నిలబెట్టిన లైన్‌మన్లు ఆ నగరానికి ఎక్కువ గుర్తు.

మరి చచ్చేది ఎవరు? చప్పుడు చేయకుండా పోయేవాళ్లు. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికోలో కరెంటు మొత్తాన్ని ఊడ్చేసింది. స్తంభాలు, తీగలు అందక చివరి ఇళ్లకు వెలుగు చేరేసరికి దాదాపు పదకొండు నెలలైంది. ఆధునిక కాలంలో ఆ నవలల ఊహకు అంత దగ్గరగా వెళ్లిన చోటు మరొకటి దొరకడం కష్టం. ముఠాలు రాజ్యమేలలేదు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అంచనా ప్రకారం ఆర్నెల్లలో మామూలు కన్నా 2,975 మంది ఎక్కువగా చనిపోయారు. ముసలివాళ్లూ పేదవాళ్లే ముందు. డయాలసిస్ ఆగింది, ఇన్సులిన్ ఫ్రిజ్ వేడెక్కింది. 2003 నాటి న్యూయార్క్‌లో ప్రశాంతంగా గడిచిన ఆ ఒకట్రెండు రోజుల్లో కూడా దాదాపు తొంభై అదనపు మరణాలు తేలాయి. ఫోర్స్‌చెన్ నవలలోనే కథానాయకుడి కూతురు మధుమేహంతో, ఇన్సులిన్ లేక పోతుంది. నా మటుకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నిజమైన పేజీలు అవి. నరభక్షకుల పేజీలు వాటిని కప్పేశాయి. విచిత్రమేమిటంటే అదే నార్త్ కరొలైనాలో, 2022 డిసెంబరు 3 రాత్రి, మూర్ కౌంటీలో ఎవరో రెండు సబ్‌స్టేషన్ల మీద తుపాకీతో కాల్చారు. దాదాపు 45 వేల కనెక్షన్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆక్సిజన్ యంత్రం ఆగి చనిపోయిన ఒక వృద్ధురాలి మరణాన్ని వైద్యాధికారులు హత్యగా నమోదు చేశారు. తుపాకీ పట్టినవాడు ఆమె ఇంటి గడప తొక్కనే లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. మీరు చెప్పినవన్నీ బయటి నుంచి సాయం వచ్చిన చోట్లు, దేశమే పడిపోతే ఎవరొస్తారు అంటారు. దీన్ని తోసిపుచ్చలేను. కీలకమైన తొమ్మిది సబ్‌స్టేషన్లు ఒకేసారి పోతే అమెరికా ఈ తీరం నుంచి ఆ తీరం దాకా చీకటవుతుందని అక్కడి నియంత్రణ సంస్థ లోపల వేసుకున్న లెక్క 2014లో పత్రికకెక్కింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 16న కాలిఫోర్నియాలో శాన్ హోజే దగ్గర ఎవరో మా వాళ్ల మీద కాల్పులు జరిపితే పదిహేడు ట్రాన్స్‌ఫార్మర్లు నూనె కార్చుకుని పడ్డాయి. కరెంటును వేరే దారుల్లో తిప్పి నగరాన్ని కాపాడారు, మరమ్మతుకు సుమారు నెల పట్టింది. అంటే దేశాన్ని చాలా కాలం చీకట్లో ఉంచే ప్రమాదం ఉంటే గింటే అది మా స్పేర్లు లేకపోవడంలోంచే వస్తుంది. అభ్యంతరం నా వాదనను పడగొట్టకపోగా దానికే బలమిస్తోంది. దీనికి మందు లేదా అంటే, 2012లో అమెరికాలోనే చేసి చూపించారు. విడి యూనిట్లుగా తరలించే వీలున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను సెయింట్ లూయిస్ నుంచి హ్యూస్టన్‌కు తెచ్చి ఆరు రోజుల్లోపే చార్జి చేశారు.

మాకు ఇన్వర్టరుంది, డాబా మీద సోలారుంది అనే ధీమా ఇంకొకటి. ఇన్వర్టరు బ్యాటరీ తిప్పి తిప్పి కొడితే కొన్ని గంటలు. డీజిల్ జనరేటరుకు డీజిలు పోసే బంకు పంపు నడవాలన్నా కరెంటే కావాలి. గ్రిడ్డుకు కట్టిన డాబా సోలారు, గ్రిడ్డు పడిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. తీగ మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం పోకుండా అలా కట్టారు. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం ఎక్కినవాడికి కిందింటి పలకలు షాకివ్వకూడదు కదా. తిరిగి లేవడం కూడా ఒంటరి పని కాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి చోట చిన్న డీజిల్ సెట్టుతో ఒక జల విద్యుత్ యూనిట్‌ను తిప్పి, దాంతో చచ్చిన లైనుకు ప్రాణం పోసి, ఆ లైను మీద బొగ్గు కేంద్రాల పంపులూ ఫ్యాన్లూ నడిపి, ఒక్కో దీవిని 50 హెర్ట్జ్ దగ్గర ఇంకో దీవితో కలుపుకుంటూ పోవాలి. దీన్నే బ్లాక్ స్టార్ట్ అంటారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మధ్యాహ్నం పూట పూర్తిగా పడిపోతే ఫ్రాన్స్, మొరాకో లైన్లూ, జల విద్యుత్తూ పట్టుకుని మర్నాటికి లేచాయి. అడవిలో గుడిసె కట్టుకున్నవాడికి ఈ క్రమంలో ఏ పాత్రా లేదు.

కథ కథే కదా, భయపెట్టి అయినా జనాన్ని మేల్కొల్పింది అని ఆ నవలల తరఫున అనొచ్చు. కొంత నిజం. అమెరికాలో ఈ ప్రమాదం మామూలు జనం నోట నానడంలో ఫోర్స్‌చెన్ పుస్తకానికి వాటా ఉంది. అయితే భయం ఖర్చయ్యే చోటు ఇంటి నేలమాళిగ అయితే యార్డుకు మిగిలేదేమీ ఉండదు. స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కోట్లు పోసి ఏళ్ల తరబడి ఊరికే నిలబెట్టాలి. ఆడిటరు వచ్చి ఇది ఎందుకు వాడకుండా పడుందని అడుగుతాడు. తుపాను రాని ఏడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ ఇంజనీరుకైనా ఇబ్బందే.

నా పక్కన ఇంకో దిమ్మె ఉంది. దాని మీదికి పట్టాలు వేశారు, చుట్టూ నూనె గుంట కట్టి కంకర పోశారు, మంటలు ఇటు పాకకుండా మధ్యలో గోడ కూడా లేపారు. దిమ్మె మీద మాత్రం ఏమీ లేదు. పట్టాల సందుల్లో గడ్డి మొలిచింది. ఆపరేటరు రౌండుకు వచ్చినప్పుడు నా గుళికల రంగు చూసి, నూనె ఉష్ణోగ్రత లాగ్‌బుక్కులో రాసుకుని, ఆ గడ్డిలోంచే అడ్డదారిన కంట్రోల్ రూముకు పోతాడు.