ఎక్సెల్ బావగారి విశ్రాంతి యాత్ర

మా బావగారు ఆఫీసుకు సెలవు పెట్టారంటే ఇంట్లో మిగతావాళ్ళకి డ్యూటీ పడ్డట్టే.

ఇలాంటి మనిషి ప్రతి తెలుగు బంధువర్గంలోనూ ఒకరుంటారు. పెళ్ళి బస్సులో తలకాయలు లెక్కపెట్టేది ఆయనే. ఏ బెర్తు ఎవరిదో, ఎవరికి షుగర్ ఉందో, మంచినీళ్ళ సీసాలు ఎన్ని మిగిలాయో ఆయనకే తెలుసు. "అన్నీ నేను చూసుకుంటా, మీరు హాయిగా ఉండండి" అంటారు. ఆ మాట వినపడగానే హాయి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతుంది.

మా బావగారికిది వంశపారంపర్యం. వాళ్ళ నాన్నగారు తెనాలిలో రైలెక్కాలంటే రెండు గంటల ముందే ప్లాట్‌ఫారం మీద ట్రంకు పెట్టె వేసుకుని కూర్చునేవారట. చేతిలో రైల్వే టైంటేబుల్ పుస్తకం. ఎక్కాల్సిన బండి సంగతే కాక, ఎక్కక్కర్లేని బళ్ళ రాకపోకలు కూడా ఆయనకి కంఠతా వచ్చు. ఆ పుస్తకం కొడుకు చేతికి వచ్చేసరికి ఎక్సెల్ షీటైంది. సిడ్నీలో ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం దొరకడంతో ఆ రోగానికి జీతం కూడా తోడైంది.

కిందటేడు దసరా వెళ్ళగానే మా అక్క ఒక చిన్న కోరిక కోరింది.

"ఏమండీ, నాలుగు రోజులు ఎక్కడికైనా పోదాం. ఏమీ చూడక్కర్లేదు. కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు."

బావగారు తలూపారు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "బామ్మర్దీ, లింకు పంపించా, చూశావా?"

చూశాను. షీటు పేరు "విశ్రాంతి వెర్షన్ 3". మొదటి రెండు వెర్షన్లు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయాయో తెలీదు. ఊరు కెయిర్న్స్. క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగంలో, సిడ్నీ నుంచి విమానంలో మూడు గంటల దారి. అదే ఎందుకని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "అక్కడొక పక్కన గ్రేట్ బారియర్ రీఫ్, 2,300 కిలోమీటర్ల పగడాల దిబ్బ. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. ఇంకో పక్కన వాన అడవులు, అవి 1988లో ఎక్కాయి. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్క విమానం టికెట్టుకి రెండు వారసత్వాలు!"

వారసత్వం అనే మాట తెనాలి వాళ్ళ నోట వింటే కాలవ గట్టున ఎకరన్నర పొలం పంచుకుంటున్నట్టే ఉంటుంది.

షీటులో ఏడు ట్యాబులు. ప్రతి పనికీ మొదలయ్యే టైం, ముగిసే టైం, ఖర్చు, బాధ్యులు. వరస 47 దగ్గర నా కన్ను ఆగింది. "విశ్రాంతి. మధ్యాహ్నం 3:15 నుంచి 3:45. బాధ్యులు: మీ అక్క."

"అరగంటేనా బావగారూ?"

"బఫర్ ఇంకో పది నిమిషాలుందిలేవోయ్."

అన్నిటికన్నా బరువైంది 'ప్రమాదాలు' ట్యాబు. నవంబరు నుంచి మే దాకా అక్కడి సముద్రంలో కుట్టే జెల్లీ ఫిష్‌ల కాలం. పెట్టె ఆకారంలో ఉండేదొకటి, గోరంత ఉండే ఇరుకాంజీ ఇంకొకటి. రెండూ ఆసుపత్రి పాలు చెయ్యగలవు. అందుకే ఈతకొచ్చిన వాళ్ళు ఒళ్ళంతా కప్పే పలచటి సూటు తొడుక్కుంటారు. ఒడ్డున కర్రలకి వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు, కుడితే పొయ్యడానికి. ఇది చదివి మా అక్క, "అయితే ఉల్లిపాయలు మనమే పట్టికెళ్దామా?" అంది. బావగారు నవ్వలేదు. దాన్ని కూడా ఒక వరసలో రాసుకున్నారు.

ఏటి ఒడ్డున మొసళ్ళు. అడవిలో కాసోవరీ, మనిషెత్తు పక్షి, కాలికి కత్తిలాంటి గోరు. ఇక వాన. కెయిర్న్స్‌కి దక్షిణాన టల్లీ అని ఒక ఊరుంది. 1950లో అక్కడ పడ్డ వానని జనం మర్చిపోకూడదని దాని లోతంత, అంటే 7.9 మీటర్ల బూటు బొమ్మ నిలబెట్టారు. బావగారు గొడుగులు నాలుగు నుంచి ఆరుకి పెంచారు.

డైవింగ్ మీద ప్రత్యేకంగా ఒక పటం గీశారు. గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగిన మనిషి వెంటనే విమానం ఎక్కకూడదు, ఎత్తు కొండలెక్కడం కూడా మంచిది కాదు. కాబట్టి సముద్రం రెండో రోజు, కురాండా కొండ నాలుగో రోజు, అదే సాయంత్రం విమానం. బాణం గుర్తులతో లెక్క ముచ్చటగా కుదిరింది. ఒక్కటే లోపం. ఆయనకి ఈత రాదు. జన్మలో ఆయన దిగిన అత్యంత లోతు తెనాలి కాలవలో మోకాలి బంటి.

తేదీ పెట్టడానికి మా అమ్మ కావలసి వచ్చింది.

"అత్తయ్యగారూ, కార్తీక పౌర్ణమి ఎప్పుడండీ?"

అమ్మ ఆనందానికి అంతులేదు. సప్త సముద్రాల అవతల అల్లుడు మూడొందల అరవై అయిదు వత్తులు వెలిగించబోతున్నాడనుకుంది. ఎన్ని గంటలకి తిథి మొదలవుతుందో, ఉపవాసం ఎలా విడవాలో అరగంట చెప్పింది. అసలు సంగతేమిటంటే, ఆ దిబ్బ మీది చాలా రకాల పగడాలు ఏడాదికోసారి, ఎక్కువగా నవంబరు పౌర్ణమి వెళ్ళిన కొద్ది రాత్రులకి, కూడబలుక్కున్నట్టు ఒక్కసారే గుడ్లూ బీజాలూ నీళ్ళలోకి వదులుతాయి. అది చూడాలంటే రాత్రిపూట సముద్రంలోకి దిగాలి.

"మీరు దిగుతారా?" అన్నాను.

"దిగం. కానీ ఆ రోజుల్లో అక్కడున్నాం అనే తృప్తి ఉంటుంది కదా!"

ఉపవాసం ఉండమని అమ్మ చెప్పిన మాట మాత్రం షీటుకెక్కలేదు.

బయల్దేరాం. బావగారు, అక్క, పన్నెండేళ్ళ మా మేనకోడలు, లగేజీకి బాధ్యుడిగా నేను. షీటులోని ప్రతి వరసనీ ఆయన ఫోన్ క్యాలెండర్లోకి ఎక్కించారు. ఒక్కోదానికి ఒక్కో అలారం. చేరిన రోజు సాయంత్రమే భోజనం అలారం మోగింది, వెళ్ళి కూర్చున్నాం. హోటల్లో మేం తప్ప ఎవరూ లేరు. ఎందుకు లేరో ఎవరూ ఆలోచించలేదు. ప్లానులో భోజనం అని ఉంది, తినేశాం.

రెండో రోజు పొద్దున పడవ రేవుకి పరుగు. అక్క సగం తాగిన కాఫీ ఫ్లాస్కులోనే ఉంది. తీరా వెళితే కౌంటర్ మూసి ఉంది. పడవ కట్టేసి ఉంది. ఒకాయన తీరుబడిగా డెక్కు కడుగుతున్నాడు.

"నాన్నా, ఇప్పుడు ఏడే" అంది మేనకోడలు.

బావగారు ఫోన్ చూశారు. షీటు చూశారు. మళ్ళీ ఫోన్ చూశారు. ఆయన మొహంలో రంగు మారడం నేనా రోజే చూశాను.

జరిగింది ఇది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గడియారాలు గంట ముందుకి జరుపుతారు. క్వీన్స్‌లాండ్ వాళ్ళు జరపరు. సిడ్నీలో కూర్చుని బావగారు ఎనిమిదింటికి పెట్టిన అలారాలన్నిటినీ, కెయిర్న్స్‌లో కాలు పెట్టగానే ఫోన్ బుద్ధిగా ఏడుకి మార్చేసింది. మొసలికీ జెల్లీ ఫిష్‌కీ కాసోవరీకీ వరసలున్న షీటులో గడియారానికి వరస లేదు.

ఇక చేసేదేం లేక ఒడ్డునున్న బెంచీ మీద కూర్చున్నాం. కెయిర్న్స్ ఊరి ముందర ఇసక తీరం ఉండదు, ఆటుకి నీళ్ళు వెనక్కి పోతే అంతా బురదే. అందుకే ఊరి వాళ్ళు ఒడ్డునే పెద్ద ఈత కొలను కట్టుకుని జనానికి ఊరికే వదిలేశారు. ఆ పొద్దున బురద మీద కొంగలాంటి పిట్టలు ముక్కుతో పొడుచుకుంటూ తిరుగుతున్నాయి. ఒక గూడబాతు కదలకుండా నిలబడింది. అక్క చెప్పులు విడిచి కాళ్ళు బార్లా చాపింది. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంది. గుక్కకీ గుక్కకీ మధ్య ఎంతసేపు పట్టిందంటే, ఆ లోపల గూడబాతు రెండుసార్లు కళ్ళు మూసి తెరిచింది. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో అక్క కాఫీ వేడిగా ఉండగానే కూర్చుని పూర్తిగా తాగడం నేనదే చూడటం.

బావగారు పక్కన కూర్చుని, "సారీ ఏమోయ్, సాయంత్రానికల్లా అన్నీ సరిచేసేస్తా" అన్నారు.

అక్క ఆయన వైపు తిరగలేదు. పిట్టల వైపు చూస్తూనే అంది. "ఆ అలారాల జోలికి వెళ్ళారంటే నేనీ బెంచీ దిగను."

అలా మా యాత్రలో రోజూ ఒక్కో అలారానికి ఒక్కో గంట మిగిలింది.

పడవ మీద మిగతా కథ ప్లాను ప్రకారమే నడిచింది. అక్క తెచ్చిన అల్లం మురబ్బా పక్క వరస వాళ్ళకి కూడా పంచాం. దిబ్బ దగ్గర బావగారు నీలం సూటు తొడుక్కుని, తేలే గొట్టం ఒకటి చంకలో పెట్టుకుని, నీళ్ళలో తల ముంచారు. లేచి, "బామ్మర్దీ, చప్పుడొస్తోంది!" అన్నారు. నేనూ ముంచాను. నిజమే. చిలకచేప పగడాన్ని కొరుకుతోంది. పక్కన కూర్చున్న మనిషి అప్పడం నమిలినట్టు కరకరమని వినపడుతుంది. అది మింగిన రాయే ఇసకై బయటికొస్తుందిట. ఆ చేపకి బాధ్యులెవరూ లేరు, టైం కూడా రాసి లేదు. బావగారు దాని వెంట పన్నెండు నిమిషాలున్నారు. నాకెలా తెలుసంటారా? పైకి రాగానే ఆయనే చెప్పారు.

మూడో రోజు డెయిన్‌ట్రీ అడవి. నది దాటడానికి తీగ పట్టుకు నడిచే బల్లకట్టు ఉంది. దాన్ని చూడగానే బావగారికి కృష్ణ ఒడ్డు గుర్తొచ్చి కాసేపు మనిషి మెత్తబడ్డారు. అవతలి ఒడ్డున కరెంటు లైన్లు లేవు, ఇళ్ళకి సోలారూ జెనరేటర్లే. ఫోన్ సిగ్నలు కూడా గాలివాటమే. కొద్దిసేపటికి షీటు తెరుచుకోవడం మానేసింది. చుట్టూ ఉన్నది పది కోట్ల ఏళ్ళు పైబడిన అడవి. కుకు యలంజీ జనం తరతరాలుగా బతికిన నేల. 2021లో అక్కడి నేషనల్ పార్కు హక్కు తిరిగి వాళ్ళ చేతికే వచ్చింది. అంత అడవికి మా బావగారు కేటాయించింది నలభై నిమిషాలు. షీటు తెరుచుకోకపోవడంతో ఆ నలభై ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో తేలలేదు. రెండు గంటలు నడిచాం.

అడవి సముద్రంలోకి దిగే చోటు పేరు కేప్ ట్రిబ్యులేషన్, అంటే కష్టాల కొన. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆ దగ్గర్లోనే పగడాల దిబ్బకి గుద్దుకుంది. తన కష్టాలు అక్కడే మొదలయ్యాయని ఆయన ఆ పేరు పెట్టాడు. ఓడ బాగు చేసుకుంటూ ఏడు వారాలు ఒడ్డునే ఉండిపోయాడు.

"ఏడు వారాలు!" అన్నారు బావగారు జాలిగా. "షెడ్యూలంతా పాడైపోయి ఉంటుంది."

"ఏడు వారాలు!" అంది అక్క కుళ్ళుకుంటూ.

నాలుగో రోజు కురాండా రైలు. కొండని తొలిచి 1891లో పూర్తిచేసిన దారి, పదిహేను సొరంగాలు. ప్రతి సొరంగాన్నీ బావగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. పదిహేనూ ఉన్నాయి, ఏదీ తప్పిపోలేదు. తిరుగు దారిలో అడవి తల మీదుగా ఏడున్నర కిలోమీటర్ల రోప్‌వే. విమానానికి మూడు గంటల ముందు చేరాలన్నది ఆయన నియమం, దానికి ఫోన్ కలిపిన గంట తోడై నాలుగైంది. విమానాశ్రయంలో అక్క బ్యాగు మీద తల పెట్టుకుని నిద్రపోయింది. వరస 47 అప్పటికి సవ్యంగా పూర్తయింది.

ఇలాంటి మనుషుల్ని చూసి నవ్వడం తేలిక, నేనూ అదే పనిలో ఉన్నాను. కానీ ఆరో గొడుగు కింద తడవకుండా నడిచింది నేనే. ఆయన లేకపోతే మేం ఆ బెంచీ దాకా కూడా వెళ్ళేవాళ్ళం కాదు, ఇంట్లో సోఫాలో "ఎక్కడికైనా పోదాం" అనుకుంటూనే వేసవి గడిపేసేవాళ్ళం. ఆయనకి రాని విద్య ఒక్కటే, ఖాళీని ఖాళీగా వదలడం. అది కూడా ఇప్పుడు నేర్చుకుంటున్నారు, ఆయన పద్ధతిలో. మొన్న కొత్త షీటు పంపారు. ప్రతి పని ముందూ పసుపు రంగులో ఒక వరస: "పొరపాటు. ఒక గంట. ఉద్దేశపూర్వకం."

అక్క దాన్ని నమ్మలేదు. రాసి పెట్టిన ఖాళీని ఆయన ఏదో ఒకదానితో నింపేస్తారని ఆవిడకి తెలుసు. అందుకని ఈసారి జూన్‌లో కెయిర్న్స్ వెళ్దామంటే ఒప్పుకోలేదు. ఏప్రిల్ మొదటి ఆదివారం సిడ్నీ గడియారాలు వెనక్కి జరుగుతాయి, ఆ గంట తేడా పోతుంది. మార్చిలోనే వెళ్ళాలంది.

"మార్చిలో అక్కడ కుండపోత వానలోయ్" అన్నారు బావగారు.

"మరీ మంచిది" అంది అక్క. "గది దాటక్కర్లేదు."