హాజరు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది):

వేలు పెట్టి చూడ వెలుఁగదు పచ్చగ
నెట్టు రాక సారు నిలిచె బయట
గుట్ట మీఁద నిలువ గుర్తింపు వచ్చును
హాజరనఁగఁ దుదకు నాకసమ్మె

అవతారిక: భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు అడవి అంచున కొలువు చేసేవారి ఉదయం ఇందులో వర్ణితము. మూలమూ టీకా ఒకే చేతివి కనుక అభిప్రాయభేదానికి తావుండకూడదు, అయినా ఉన్నది.

ప్రతిపదార్థము: వేలు పెట్టి చూడన్ = హాజరు మిషన్ అద్దంపై వేలు ఆనించగా; పచ్చగన్ వెలుఁగదు = పచ్చలైటు రాదు; నెట్టు రాక = సిగ్నల్ లేక; సారు = ఉద్యోగి; బయటన్ నిలిచెన్ = గదిలో కూర్చున్నా లెక్కలో బయటే ఉండిపోయెను; తక్కినవి సుగమము.

విశేషములు: సారు ఎవరు? బడి టీచరని ఒక పక్షం. కానీ సర్కారు బడుల్లో 2025 ఆగస్టు 1 నుంచి ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. వేలితో పని లేదు. పోనీ ‘మొగము పెట్టి’ అని దిద్దుదామా అంటే గణం సరిపోతుంది, యతి చెడుతుంది. కనుక ఆస్పత్రి ఉద్యోగి అనుకొని ముందుకు పోదాం.

‘నెట్టు రాక’ అన్నచోట కవి తొందరపడ్డాడు. రాకపోవడంలో చాలా రకాలున్నాయి. మామూలు గోడ మిషన్ వేలిముద్రలనూ, వేళలనూ తన కడుపులోనే దాచుకుంటుంది. సర్వరు అందకున్నా పంచ్ పోదు, సిగ్నల్ వచ్చాక వెళుతుంది. ఆధార్‌తో ముడిపడ్డ మిషన్ అలా కాదు; ముద్ర దూరాన ఉన్న సర్వరుకు పోయి, ‘ఇతడే’ అని జవాబు వస్తేనే హాజరు. మన దగ్గరున్నది ఏ జాతిదో తెలియకుండా కంగారు పడరాదు.

తరువాత కేబుల్. కొస దగ్గర చిన్న లైటు మిణకకపోతే వైరు ఊడిందో, ఎలుక కొరికిందో. లైటు ఉండీ మిషన్ సెట్టింగుల్లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనబడితే, రూటరు చోటు చూపనందున మిషన్ తనంతట తానే ఊరవతల పాక వేసుకున్నదని అర్థం. రూటరును ఆపి మళ్ళీ వేయాలి. కాసేపు వచ్చి కాసేపు పోతుంటే, ఒకే అడ్రసు రెండు మిషన్లకు ఇచ్చారేమో చూడాలి.

అన్నిటికన్నా గడుసుది తేదీ. కరెంటు పోయి, లోపలి బటన్ బ్యాటరీ కూడా అయిపోతే మిషన్ ఏ పాత సంవత్సరంలోకో వెళ్ళిపోతుంది. సర్వరు చూపే భద్రతా పత్రం గడువును ఆ తప్పు తేదీతో సరిచూసి, చెల్లదని తోసిపుచ్చుతుంది. సిగ్నల్ నిండుగా ఉంటుంది, కనెక్షన్ మాత్రం కుదరదు. అందుచేత గుట్ట ఎక్కేముందు తెర మీది తేదీ చూడవలెను. ఈ సంగతి మూలంలో లేదు, కవికి తెలియదు.

మూడో పాదం ఉపాధి హామీ కూలీలకే అన్వయిస్తుందని మరో మతం. 2021 మేలో మొదలైన ఎన్ఎంఎంఎస్ హాజరు యాప్ 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి అయింది. పూటకొకటి చొప్పున రెండు ఫొటోలు. సిగ్నల్ లేకున్నా ఫొటో తీయవచ్చు, దొరికాక పంపవచ్చు. కనుక పని చేసినవారు పల్లంలో ఉంటారు, వారి హాజరు వేసే మేటు ఫోను పట్టుకొని గుట్టెక్కుతాడు. “ఆడికి పోతే వస్తది సారూ” అని దారి చూపేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసింది. ఇది భ్రాంతిమదలంకారము.

నాలుగో పాదంలో ‘సమ్మె’ వినబడుతున్నదని సంఘాల వారంటారు. మేము విననట్టే ఉంటాం.

దోషము: కర్తృవ్యత్యయము. ‘రాలేదు’ అనే క్రియకు కర్త నెట్టు. జీతాల బిల్లులోకి వచ్చేసరికి కర్త సారు అవుతాడు. మిషన్ పడిపోయిన రోజుకు మిషన్ పేరనే గైర్హాజరు రాసే గడి ఒకటి ఉండాలని టీకాకారుని పట్టు.

తాత్పర్యము: సారు ఎదురుగా ఉన్నాడు, ఇది ప్రత్యక్ష ప్రమాణం. సర్వరు లేడన్నది, ఇది శబ్ద ప్రమాణం. రెండూ ఢీకొన్న రోజున చేతి రిజిస్టరులో సంతకం పెట్టి, తెర మీది ఎర్రరును వేళతో సహా ఫొటో తీసి ఉంచుకోవాలి. బిల్లు రాసేవారు శబ్దవాదులు.